నానో యూరియా సీసా కొడితే యూరియా కట్ట మానేయొచ్చా?

అన్నలూ, మాది నల్గొండ వైపు. మూడెకరాల్లో సాంబమసూరి నాటి 25 రోజులైంది, పిలకలు పోస్తోంది. నిన్న యూరియాకి పోతే నానో సీసా (ఆకు మీద కొట్టే ద్రవ యూరియా) కూడా తీసుకుంటేనే కట్టలిస్తానని షాపాయన ఒకటే పట్టు, చేసేది లేక 225 పెట్టి తెచ్చుకున్నా. అరలీటరు సీసా ఒక కట్టకి సమానమట. నిజమైతే ఈసారి ఒక కట్ట తగ్గిద్దామని ఉంది. ఎవరైనా వాడారా?

జవాబు 1:
తమ్ముడూ, లెక్క నువ్వే చూడు. 45 కిలోల కట్టలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైనే. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన అరలీటరు నానో సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. కిలోలకీ గ్రాములకీ ఎక్కడ పొంతన? తర్వాత వచ్చిన నానో యూరియా ప్లస్ రకంలో ఎక్కువే ఉన్నా అదీ గ్రాముల్లోనే. పంజాబ్‌లోని లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రెండేళ్లు పొలంలో వేసి చూస్తే, మామూలు మోతాదు యూరియా వేసిన దానికన్నా నానో వాడిన వరిలో దిగుబడి 13 శాతం తగ్గింది.

జవాబు 2:
లెక్క సరే గానీ అన్నా, నానో వెనకున్న ఆలోచన మరీ తప్పు కాదు. మడిలో చల్లిన యూరియాలో పైరుకి అందేది 30, 40 శాతమే, మిగతాది గాలిలోకో నీళ్లలోకో పోతుంది. అందుకే సన్నటి రేణువులు చేసి ఆకు మీద కొడుతున్నారు. అయినా కట్టలో పైరుకి దక్కే 30 శాతమే తీసుకున్నా 6 కిలోలు, సీసా మొత్తం ఆకే తాగేసినా అన్ని కిలోలు రావు కదా.

జవాబు 3:
నేనొక పంట కట్ట తగ్గించి చూశానండీ. పది రోజులకి చేను లేతపసుపు తిరిగింది, మళ్లీ పరుగెత్తి యూరియా చల్లాను. పిచికారీయే కావాలనుకుంటే మామూలు యూరియానే లీటరుకి 20 గ్రాములు కలిపి కొట్టండి. ఎకరాకి 200 లీటర్లంటే 4 కిలోలు, పాతిక రూపాయలు కూడా కాదు, నత్రజని మాత్రం సీసా కంటే ఎన్నో రెట్లు. అసలు ఆదా చల్లే పద్ధతిలో ఉంది. నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలయ్యాక పల్చగా నీళ్లు పెట్టండి. నిండు నీళ్లలో చల్లితే సగం పోయినట్టే.

అడిగినాయన:
నేనెప్పుడూ నిండు నీళ్లలోనే చల్లుతున్నానన్నా! మరి ఈ సీసా ఏం చేయను?

జవాబు 3:
కొన్నారు కాబట్టి లీటరుకి 4 మిల్లీలీటర్లు కలిపి కొట్టేయండి, నష్టం లేదు. కట్ట మాత్రం తగ్గించొద్దు.

అడిగినాయన:
సరే అన్నా, సాయంత్రమే మడవ తీసేస్తా.