కారులో సీటు దాకా నీళ్లు, ఇంట్లో రెండడుగులు: ముందు దేన్ని ముట్టుకోవాలి?

కింది ఇల్లు:
మొన్న రాత్రి వానకి ఇంట్లోకి నీళ్లొచ్చాయి, నిన్న సాయంత్రానికి తీశాయి. మనుషులం అందరం క్షేమం, పై అంతస్తు వాళ్లింట్లో ఉన్నాం. గోడ మీద బురద గీతకి టేపు పెట్టి కొలిచాను, రెండడుగుల రెండంగుళాలు. కొలిచి ఏం చేస్తానో తెలీదు గానీ, ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

కారు ఇంటి ముందే నిలిపి ఉంది. పెట్రోల్, ఆటోమేటిక్, నాలుగేళ్ల బండి. నీళ్లు వచ్చినప్పుడు ఆఫ్‌లోనే ఉంది. లోపల సీటు కుషన్ దాకా తడిసింది, డాష్‌బోర్డుకి తగల్లేదు. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ అన్నీ కిందే ఉన్నాయి. ప్లైవుడ్ బీరువా తలుపులు ఉబ్బి మూసుకోవడం లేదు. అన్నిటికంటే బాధ, కింది అరలో పెట్టిన ఇంటి కాగితాలూ పెళ్లి ఆల్బమూ. ముద్దయిపోయాయి.

మా ఆయన ఊళ్లో లేరు. మా మరిది ఫోన్ చేసి "వదినా, ఒక్కసారి స్టార్ట్ చేసి చూడు, సంగతి తెలిసిపోతుంది" అంటాడు. మా అత్తగారేమో బురద ఎండితే వదలదు, ఇప్పుడే కడిగేద్దాం అంటున్నారు. పై ఇంటాయన ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దంటున్నారు. ముగ్గురి మాటా సబబుగానే ఉంది, అదే నా టెన్షన్. ఇలాంటిది పడ్డవాళ్లెవరైనా చెప్పండి.

పాత డీజిల్:
స్టార్ట్ చేయొద్దమ్మా. మీ మరిదికి కోపం వచ్చినా సరే.

మూడేళ్ల కింద నేను చేసిన తప్పే అది. నీళ్లు తీశాక బయటికి బండి శుభ్రంగా కనబడింది, తాళం తిప్పాను. టక్‌మని ఒక్క శబ్దం, అంతే. సిలిండర్‌లోకి చేరిన నీళ్లు గాలిలాగా నొక్కుకుపోవు. పిస్టన్ వచ్చి వాటిని గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. విప్పి, తుడిచి, ఆయిల్ మార్చుకుంటే పోయే పని కాస్తా మొత్తం ఇంజన్ విప్పే దాకా వచ్చింది. బండి ఆఫ్‌లో ఉన్నా గాలి లోపలికి పోయే దారిగుండానో సైలెన్సర్ గుండానో నీళ్లు చేరొచ్చు. స్టార్ట్ బటన్ నొక్కొద్దు. లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడ్డానికి కూడా తాళం తిప్పొద్దు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకో తంటా. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండికి ఏమీ రాదు. సమగ్ర పాలసీలో వరద నష్టం మామూలుగా ఉంటుంది. కానీ మునిగిన బండిని మనమే స్టార్ట్ చేసి ఇంజన్ చెడగొట్టుకుంటే, అది వరద చేసింది కాదు, మీరు చేసిందే అంటారు. ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకున్నారేమో కాగితంలో చూడండి. నేను తీసుకోలేదు.

ఇప్పుడు చేయాల్సింది: తడి గీత కనబడేలా బయటా లోపలా ఫొటోలు తీయండి. బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి. (హైబ్రిడ్ అయితే మాత్రం ఆగండి, ఆరెంజ్ రంగు తీగల జోలికి ఎవరూ వెళ్లకూడదు.) ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్‌లో చెప్పి, బండి మొత్తం పైకి ఎక్కించుకునే ట్రక్కు అడగండి. ఆటోమేటిక్‌ని చక్రాల మీద ఈడ్పిస్తే గేర్‌బాక్స్ కూడా పోవచ్చు. తలుపులు తెరిచి పెట్టండి. కార్పెట్ కింద మందంగా స్పాంజ్ ఉంటుంది, పైన ఆరినట్టే ఉన్నా వారం తర్వాత కంపు కొట్టేది అదే. సీట్ల కింద పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, ఇంట్లో వాళ్లెవరూ లాగకూడదు.

నాలుగో గేరు:
ఇంత భయపెట్టడం ఎందుకండీ? పోయిన వానలకి నాది కూడా నీళ్లలో ఉంది. మర్నాడే స్టార్ట్ చేశా, ఇప్పటికీ తిరుగుతోంది.

పాత డీజిల్:
నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి సార్?

నాలుగో గేరు:
టైరు సగం దాకా.

పాత డీజిల్:
అదీ సంగతి. ఆమె బండిలో సీటు తడిసింది.

టెస్టర్:
నేను వైరింగ్ పని చేస్తాను, ఇంటి సంగతి చెప్తాను. అమ్మా, మెయిన్ ఆఫ్ చేశారా? చేయకపోతే, తడి నేల మీద నిలబడి మీరు చేయొద్దు, కరెంటు వాళ్లని పిలిచి బయటే తీయించండి. అందరూ మరిచిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆఫ్ చేశాం కదా అనుకుని బోర్డు మీద చేయి వేస్తారు, ఇన్వర్టర్ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. పైన బ్యాటరీతో నడిచే సోలార్ ఉన్నా అదే కథ.

గీతకి కింద ఉన్న సాకెట్లు, స్విచ్‌లు మార్చేయాల్సిందే. ఎండలో పెడితే ఆరతాయి, కానీ లోపల బురద ఉండిపోతుంది, కొన్నాళ్లకి వేడెక్కి కాలతాయి. గోడలోని పైపుల్లో నీళ్లు నిలుస్తాయి కాబట్టి మెగ్గర్ (తీగల నుంచి కరెంటు లీకవుతోందేమో కొలిచే మీటర్) పెట్టి చూసే మనిషినే పిలవండి. టెస్టర్ స్క్రూడ్రైవర్ పెట్టి "అంతా ఓకే" అనేవాణ్ని నమ్మొద్దు (నా పేరు చూసి నవ్వుకోకండి). ఫ్రిజ్ కంప్రెసర్ మూసి ఉంటుంది కాబట్టి చాలాసార్లు బతుకుతుంది, దాని పక్కనున్న రిలే (దాన్ని స్టార్ట్ చేసే భాగం), సర్క్యూట్ బోర్డు పోతాయి. విప్పి చూపించకుండా ప్లగ్ పెట్టొద్దు. గ్యాస్ రెగ్యులేటర్ మునిగితే కొత్తది తీసుకోండి.

పాత ఫైలు:
మీ అత్తగారు చెప్పింది నిజమే, బురద పచ్చిగా ఉన్నప్పుడే కడగాలి. బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. ముందు ఒక్కో గదినీ, పాడైన ఒక్కో వస్తువునీ ఫొటో తీసుకుని, కరెంటు లేదని ఖాయం చేసుకున్నాక మొదలుపెట్టండి. గ్లవ్స్, బూట్లు వేసుకోండి, అందులో డ్రైనేజీ నీళ్లు కలిసి ఉంటాయి. బ్లీచింగ్‌ని బాత్రూమ్ యాసిడ్‌తో గానీ అమోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పరుపులు తడిస్తే ఆశ వదులుకోండి. గోడలకి రంగు తొందర పడొద్దు, లోపలి తడి పోవడానికి నెలలు పడుతుంది, ముందే వేస్తే పెచ్చులూడుతుంది.

ఇక కాగితాలు. దయచేసి విడదీయకండి! తడి కాగితం చిరుగుతుంది. ముద్దని ముద్దలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు ఆగిపోతుంది, మీకు టైమ్ దొరుకుతుంది. ఫొటోలు మాత్రం అతుక్కుని ఎండకూడదు, ఎండితే ఇక రావు. చల్లటి మంచినీళ్లలో ఉంచి మెల్లిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో పరచండి. బొమ్మ మీద వేలు పెట్టొద్దు.

కింది ఇల్లు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మీ మాట విని బండి స్టార్ట్ చేయలేదు. షెడ్‌లో డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే పుల్ల) తీస్తే ఆయిల్ నీళ్లు కలిసి తెల్లగా, పాలు కలిపినట్టు ఉందట. స్పార్క్ ప్లగ్గులు విప్పితే రెండు సిలిండర్లలో నీళ్లు. రాడ్లు బాగానే ఉన్నాయన్నారు. మా మరిది ఆ తర్వాత ఫోన్ చేయలేదు. టెస్టర్ గారూ, మీరు చెప్పాకే ఇన్వర్టర్ తీగలు విప్పించాను, అప్పటిదాకా దాని ఊసే మాకు గుర్తు లేదు.

ఆల్బమ్‌లో సగం ఫొటోలు వచ్చాయి. మా అత్తగారు చాప పరిచి వాటి పక్కనే కూర్చున్నారు, ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. కాగితాలు పై ఇంటివాళ్ల ఫ్రీజర్‌లో ఉన్నాయి. ఇంకెన్నాళ్లని పై ఇంటావిడ రోజూ నవ్వుతూనే అడుగుతున్నారు. ఎన్నాళ్లు ఉంచొచ్చు?

పాత ఫైలు:
కాగితాలకైతే ఎన్నాళ్లైనా పర్లేదు. ఆవిడ కోసమైతే రోజుకో కట్ట బయటికి తీసి, కరిగేకొద్దీ పై పొరలు ఒక్కొక్కటే లేపుతూ ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఇంటి దస్తావేజుతో మొదలుపెట్టొద్దు, అక్కర్లేని కాగితం ఏదైనా తీసి చేయి అలవాటు చేసుకోండి.