జీటీఐకి వింటర్ టైర్లు: ఉన్న 18 అంగుళాల రిమ్ముల మీదే వేయించనా, 17 అంగుళాల సెట్ విడిగా కొననా?

మిసిసాగా_కొత్తకారు

అందరికీ నమస్తే. ఆగస్టులో సెకండ్‌హ్యాండ్‌లో 2019 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ తీసుకున్నాను, మాన్యువల్ గేర్లు. కెనడా వచ్చి మూడేళ్లయింది గానీ ఇన్నాళ్లూ బస్సులు, గో ట్రైన్లతోనే సరిపెట్టుకున్నాను, సొంత కారుతో ఇదే మొదటి చలికాలం. పాత ఓనరు వేయించిన టైర్లు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, సైజు 225/40 ఆర్ 18, అంటే వెడల్పు 225 ఎంఎం, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఎండాకాలంలో మలుపుల్లో రోడ్డుకి అతుక్కుపోయినట్టు ఉండేది. మొన్న ఉదయం ఆరింటికి బయట 2 డిగ్రీలు, వాన లేదు, పొడి రోడ్డు, అపార్ట్‌మెంట్ గేటు దాటి మలుపు తిరుగుతూ సెకండ్ గేర్‌లో కాస్త యాక్సిలరేటర్ తొక్కానో లేదో ముందు చక్రాలు గిర్రున తిరిగి కారు పక్కకి లాగేసింది. అప్పటి నుంచీ ఒకటే టెన్షన్.

వారానికి రెండుసార్లు 401 హైవే మీద వాటర్‌లూ ఆఫీసుకి వెళ్లాలి, జనవరిలో ఫ్రెండ్స్‌తో కాలింగ్‌వుడ్ దగ్గర బ్లూ మౌంటెన్ ట్రిప్ ఉంది. రూమ్మేటేమో ముందు చక్రాల డ్రైవే కదా, ముందు రెండు టైర్లు మారిస్తే చాలంటున్నాడు. ఉన్న 18 రిమ్ముల మీదే వింటర్ టైర్లు వేయించనా, 17 రిమ్ములతో వేరే సెట్ కొననా? 16 అయితే ఇంకా చవక కదా, అది పడుతుందా? బడ్జెట్ 1,800 డాలర్లు, అంతకంటే కష్టం.

బ్రాంప్టన్_పాతకాపు

తమ్ముడూ, ముందుగా ఒక మాట. రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందకి పోవడం మొదలయ్యాక ఆ 4ఎస్ టైర్లతో 401 ఎక్కకు. అవి పక్కా సమ్మర్ టైర్లు. 7 డిగ్రీల కిందకి వచ్చేసరికి ఆ రబ్బరు బిగుసుకుపోవడం మొదలెడుతుంది, నీకు పొడి రోడ్డు మీద జారింది అందుకే. నమ్మకం లేకపోతే రేపు పొద్దున్నే కిందకి వెళ్లి టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి చూడు. ఆగస్టులో లోపలికి దిగిన గోరు ఇప్పుడు దిగదు, చెక్క మీద నొక్కినట్టుంటుంది. మైనస్ 7 కంటే చలిలో నిలబడిన కారుని అలాగే కదిపితే ఈ రకం రబ్బరు పగుళ్లివ్వచ్చని మిషెలిన్ వాళ్లే హెచ్చరిస్తారు. అంటే మంచు పడితేనే మార్చాలనుకోవడం తప్పు, చలి పడగానే మార్చాలి.

రూమ్మేట్ మాట అసలు వినకు. నేను వచ్చిన కొత్తలో ఆ లెక్కే వేసుకుని పాత సెడాన్‌కి ముందు రెండే వేయించాను. హైవే దిగే ర్యాంపు మీద మెల్లగానే వస్తున్నా, ముందు చక్రాలు రోడ్డుని పట్టుకున్నాయి, వెనకవి పట్టలేదు, కారు వెనక భాగం బొంగరంలా తిరిగి పేవ్‌మెంట్ అంచుకి కొట్టుకుంది. వెనక రిమ్ము వంగింది, యాక్సిల్ అలైన్‌మెంట్ పోయింది. ఎదురుగా వేరే బండి లేదు కాబట్టి బతికిపోయాను. వేస్తే నాలుగూ వేయాలి, నాలుగూ ఒకే మోడల్ అయి ఉండాలి.

ఇక సైజు. 16 మర్చిపో. 2019 జీటీఐకి ముందు బ్రేకు డిస్కు 340 ఎంఎం, దాని మీద డిస్కుని నొక్కి పట్టే క్యాలిపర్ కూడా ఉంటుంది కదా, 16 రిమ్ము లోపల అది ఇమడదు. 17 పడుతుంది. 225/45 ఆర్ 17 తీసుకో. లెక్క చూడు: నీ 18 చక్రం మొత్తం ఎత్తు దాదాపు 637 ఎంఎం, ఇది 634. అర శాతం కూడా తేడా లేదు, స్పీడోమీటరుకి ఏమీ కాదు.

17 ఎందుకంటే, డబ్బు ఒక్కటే కాదు. టైరు పక్కగోడ 11 ఎంఎం దాకా ఎత్తు పెరుగుతుంది. మార్చిలో ఇక్కడ రోడ్లు చూస్తావు, పగలు కరిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి తారుని పైకి లేపేస్తాయి, రోడ్డంతా గుంతలు. 40 ప్రొఫైల్ టైరుతో అలాంటి గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకే. పైగా మంచు కరగడానికి ఇక్కడ చల్లే ఉప్పు నీ అందమైన 18 రిమ్ముల్ని రెండు సీజన్లలో తినేస్తుంది. వాటిని ఏప్రిల్ దాకా దాచుకో.

నేను వాడేది మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, నాలుగో సీజన్. టైర్లు, రిమ్ములు, బిగింపు, 13 శాతం పన్ను అన్నీ కలిపి నాకు 1,700 దాటింది. నీ బడ్జెట్‌లో వస్తుంది. ఇంకోటి, వింటర్ టైర్లు వేస్తే ఒంటారియోలో 2016 నుంచి ఇన్సూరెన్సు కంపెనీలు తగ్గింపు ఇచ్చి తీరాలి, ఎంత అనేది కంపెనీని బట్టి మారుతుంది. బిల్లు దాచిపెట్టి ఫోన్ చేసి అడుగు, వాళ్లంతట వాళ్లు గుర్తుచేయరు.

గాటినో_అక్క

పాతకాపు గారు చెప్పిన సైజు సరైనదే, దాని గురించి మళ్లీ చెప్పను. టైరు రకం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే నేను రెండు రకాలూ నా డబ్బు పెట్టి వాడాను.

స్పోర్టీ కారు ఉన్నవాళ్లకి షాపులో చూపించేవి రెండు కుటుంబాలు. ఒకటి పర్ఫార్మెన్స్ వింటర్, అంటే పైలట్ ఆల్పిన్ 5, పిరెల్లి సోట్టోజీరో లాంటివి, పొడి హైవే మీద స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. రెండోది మేకుల్లేని ఐస్ టైర్లు, అంటే ఎక్స్-ఐస్ స్నో, బ్లిజాక్, హక్కపెలిట్టా ఆర్5. ఇవి మెత్తగా ఉంటాయి, గాడుల మధ్య బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి, ఆ చీలికల అంచులే ఐస్‌ని గీరి పట్టుకునేది. పొడి రోడ్డు మీద మలుపు తిరిగితే మాత్రం కాస్త బురదలో నడిచినట్టు అనిపిస్తుంది.

నాకు గోల్ఫ్ ఆర్ ఉంది, నాలుగు చక్రాల డ్రైవ్. మొదట పైలట్ ఆల్పిన్ వేశాను. రెండు చలికాలాలు ఎంతో ఇష్టంగా నడిపాను, అబద్ధం చెప్పను. మూడో ఏడు ఒక రాత్రి గడ్డకట్టే వాన పడింది, మా ఇంటి దగ్గర చిన్న దిగుడు, చివర స్టాప్ సైన్. గంటకి 20 కూడా లేదు స్పీడు. బ్రేకు మీద కాలు పెట్టాను, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద టకటకలాడుతోంది, కారు ఆగట్లేదు, స్టాప్ సైన్ నా కిటికీ పక్క నుంచి వెనక్కి వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. వెనక సీట్లో మా పాప నిద్రపోతోంది. నాలుగు చక్రాల డ్రైవ్ కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదని ఆ పది సెకన్లలో అర్థమైంది. తర్వాతి వారమే హక్కపెలిట్టా వేయించాను. ఏ టైరైనా ఐస్ మీద జారుతుంది, కానీ అదే దిగుడులో ఇప్పుడు ఆగుతున్నాను.

తమ్ముడూ, మిసిసాగాలో చాలా రోజులు రోడ్డు ఉప్పుతో నల్లగా ఉంటుంది, నిజమే. ఆ రోజుల కోసమైతే పర్ఫార్మెన్స్ టైరే హాయి. కానీ మీరు కాలింగ్‌వుడ్ అన్నారు కదా, జార్జియన్ బే మీద నుంచి వచ్చే మంచు గాలివాన ఎదురైతే ముందు బండి లైట్లు కూడా కనపడవు. నా ఓటు ఐస్ టైరుకే.

క్యూబెక్ సంగతి కూడా చెబుతాను, ఇక్కడ రిజిస్టర్ అయిన కార్లకి డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మీకు ఆ రూలు లేదు. లేదని ఊరుకోకండి.

మిసిసాగా_కొత్తకారు

అన్నా, అక్కా, చాలా థాంక్స్. అక్కా, మీ స్టాప్ సైన్ సంగతి చదివాక రూమ్మేట్‌కి కూడా చూపించాను. రెండు డౌట్లు. ఆల్-వెదర్ అని ఏడాదంతా వేసుకునేవి ఉన్నాయట, కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు కూడా ఉంటుందట, వాటితో సరిపోదా? ఇంకోటి, మాది ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు, ఆ 18 చక్రాలు నాలుగూ ఎక్కడ పెట్టాలి?

చక్రాల_పనివాడు

కిచెనర్‌లో టైర్ల షాపులో పనిచేస్తాను, వరంగల్ మనిషిని. మూడు శిఖరాల కొండ, దాంట్లో మంచు రేకు గుర్తు ఉందంటే ఆ టైరు మంచులో ఒక కనీస పరీక్ష పాసైందని అర్థం. ఆ పరీక్ష మంచులో ముందుకి లాగే బలానికి, ఐస్ మీద బ్రేకుకి కాదు. ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఆల్-వెదర్ నేనే ఇస్తాను, నీకు మాత్రం ఇవ్వను. జీటీఐ కొన్నది జూలైలో నడిపే ఆనందం కోసం కదా, దానికి ఆ 4ఎస్ ఉండనీ.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఆన్‌లైన్‌లో రిమ్ములు కొంటే 5×112, అంటే 112 ఎంఎం వలయం మీద ఐదు బోల్టులు, మధ్య రంధ్రం 57.1 ఎంఎం చూసుకో. రంధ్రం పెద్దదైతే హబ్‌కి, అంటే కారుకి చక్రం బిగించే భాగానికి, రిమ్ముకి మధ్య ఖాళీ నింపే హబ్ రింగులు వేయాలి, లేకపోతే గంటకి వంద దాటాక స్టీరింగ్ వణుకుతుంది. దీనికంటే ముఖ్యం బోల్టులు. ఫోక్స్‌వ్యాగన్ సొంత రిమ్ముల బోల్టుకి తల కింద భాగం గోళీలా గుండ్రంగా ఉంటుంది. బయట కంపెనీల రిమ్ములకి చాలావాటికి కోను ఆకారం కావాలి. రెండూ ఒకే మరలో ఎక్కుతాయి, బిగుసుకున్నట్టే ఉంటాయి, కానీ గుండ్రటిది కోను గుంటలో ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. పోయిన నవంబర్‌లో ఒకతను ఇంట్లోనే మార్చుకుని టకటక శబ్దం వస్తోందని తెచ్చాడు. విప్పితే రిమ్ము గుంటలన్నీ అరిగి మెరుస్తున్నాయి, రెండు బోల్టులు చేత్తో తిప్పితే వచ్చేశాయి. రిమ్ములతోపాటు సరిపోయే బోల్టులు కూడా కొను, పొడుగు కూడా సరిచూసుకో.

బిగింపు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితోనే. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచి పెట్టి చూడాలి. చక్రం పెట్టేముందు హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకించు, లేదంటే ఏప్రిల్‌లో చక్రం హబ్‌కి అతుక్కుపోయి రాదు. నీ కారు గాలి తగ్గితే చక్రాల వేగం చూసే ఏబీఎస్ సెన్సర్ల ద్వారానే కనిపెడుతుంది, రిమ్ముల్లో విడిగా సెన్సర్లు అక్కర్లేదు. ఆ డబ్బు మిగిలినట్టే. మార్చాక స్క్రీన్‌లో సెట్ నొక్కితే చాలు. గాలి మాత్రం చలిలోనే చూసుకో. 22 డిగ్రీల గ్యారేజీలో కొట్టించిన గాలి మైనస్ 15లో ఆరేడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పడిపోతుంది.

చక్రాలు దాచడానికి చాలా షాపుల్లో సీజన్‌కి ఇంత అని తీసుకుని ఉంచుతారు. ఫ్లాట్లోనే పెట్టుకుంటే ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, ఎండ తగలకుండా కవర్లో పెట్టు, ఏది ముందుదో ఏది వెనకదో చాక్‌పీస్‌తో రాసుకో. అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకో. మొదటి మంచు పడిన మర్నాడు మా షాపు ముందు లైను రోడ్డు దాకా ఉంటుంది.

మిసిసాగా_కొత్తకారు

అప్‌డేట్. 225/45 ఆర్ 17 ఎక్స్-ఐస్ స్నో, మామూలు వెండి రంగు అలాయ్ రిమ్ములు, కోను బోల్టులు, మొత్తం 1,765 డాలర్లు. నిన్న రాత్రి ఎనిమిది సెంటీమీటర్ల మంచు పడింది. పొద్దున్నే మా బిల్డింగ్ వెనక ఖాళీ పార్కింగ్‌లో 30 స్పీడులో గట్టిగా బ్రేకు తొక్కి చూశాను, కిర్రుమని ఆగింది, నిటారుగా. స్టీరింగ్ కాస్త మెత్తబడింది, అక్క చెప్పినట్టే. రేపు వాటర్‌లూ వెళ్లొస్తే వంద కిలోమీటర్లు దాటుతాయి. టార్క్ రెంచి డిక్కీలో ఉంది.