ఆరేళ్ల పాపకి డోరేమాన్ చంద్రుడి సినిమా చూపించవచ్చా?

అందరికీ నమస్కారం. చందమామలో కుందేలు ఉంటుందని అమ్మమ్మ చెప్పిన దగ్గర్నుంచి మా పాప రోజూ రాత్రి డాబా ఎక్కి వెతుకుతోంది. జపాన్‌లోనూ ఇదే నమ్మకం ఉంది, అక్కడి కుందేలు మోచి అనే బియ్యపు పిండివంట కోసం రోట్లో దంచుతూ ఉంటుందట. దాని మీదే 2019లో డోరేమాన్ (జపాన్ కార్టూన్‌లోని రోబో పిల్లి) సినిమా ఒకటి వచ్చింది. చంద్రుడి మీద కుందేళ్లున్నాయని డోరేమాన్ స్నేహితుడు నోబితా అంటే క్లాసంతా నవ్వుతుంది. డోరేమాన్ ఒక బ్యాడ్జి తీసి, చంద్రుడి అవతలి వైపు నిజంగానే కుందేళ్ల రాజ్యం తయారుచేస్తాడు. స్క్రీన్‌ప్లే రాసింది నవలా రచయిత్రి మిజుకి త్సుజిమురా. ఇంత చక్కటి ఆలోచన మా పాప చూడాలని నాకు చాలా ఆశ.

టెన్షనల్లా రెండో సగం గురించే. కొత్తగా స్కూల్లో చేరిన లూకా కోసం వేరే గ్రహం నుంచి సైనికులు వస్తారు. మా పాప విలన్ గొంతు పెంచితే చాలు, చెవులు మూసుకుని నా వెనక దాక్కుంటుంది. చిన్నపిల్లలతో చూసినవాళ్లు చెప్పండి, ఆ భాగం మరీ భయపెడుతుందా? ఎక్కడ ఆపి ధైర్యం చెప్పాలి?

ఇంకొకటి, తెలుగు లేదా హిందీ డబ్బింగ్ అధికారికంగా ఎక్కడ దొరుకుతుంది? సబ్‌టైటిల్స్ చదివే వయసు కాదు. పైరసీ లింకులు మాత్రం వద్దండీ.