అమెరికా అంతర్యుద్ధం బానిసత్వ నిర్మూలన యుద్ధంగా ఎలా మారింది?

గుంటూరు విద్యార్థి:
గ్రూప్స్‌కు చదువుకుంటూ ఇక్కడ ఆగిపోయానండీ. 1861లో దేశ సమైక్యతే తన లక్ష్యమన్న లింకన్, 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన చేసేదాకా ఎలా వచ్చారు? అరండల్‌పేటలోని మా గదిలో రాత్రంతా వాదించుకున్నా తేలలేదు.

విజయవాడ చరిత్ర మాస్టారు:
బాబూ, వాషింగ్టన్ నుంచి కాక వర్జీనియాలో ఉత్తరాది (కేంద్ర ప్రభుత్వ) సైన్యం చేతిలో ఉన్న మన్రో కోట నుంచి మొదలుపెట్టు. 1861 మే నెలలో ఒక రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు చిన్న పడవలో వచ్చి ఆ కోటలో తలదాచుకున్నారు. వారిని అప్పగించమని తిరుగుబాటు చేసిన దక్షిణాది సైన్యాధికారి వచ్చి అడిగితే, శత్రువు తన ఫిరంగి దిబ్బలు కట్టించుకుంటున్న మనుషులను తిరిగి ఇచ్చేది లేదని, వాళ్లు యుద్ధంలో పట్టుబడిన శత్రువు సొత్తని, కోటలోని ఉత్తరాది సేనాని జనరల్ బట్లర్ తేల్చిచెప్పాడు. మనుషులను యుద్ధంలో పట్టుబడిన సొత్తుగా లెక్కగట్టడం నా మనసుకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా ఆ మాట ఆసరాతోనే వేలాదిమంది పిల్లాపాపలతో సైన్యం శిబిరాలకు నడిచి వచ్చారు. ప్రభుత్వాన్ని కదిలించింది ముందుగా వాళ్ల కాళ్లే.

విజయవాడ నుంచి మరొక సభ్యురాలు:
మాస్టారు చెప్పినది నిజం. అయితే లింకన్ 1862 సెప్టెంబరులో, దక్షిణాది సైన్యం ముందడుగును ఉత్తరాది నిలువరించిన ఆంటీటమ్ పోరు ముగిశాకే విముక్తిపై ముందస్తు ప్రకటన వెలువరించారు. అది తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితం కాబట్టి, బానిసత్వం ఉన్నా తిరుగుబాటులో చేరని కెంటకీ రాష్ట్రంలోని బానిసలకు వర్తించలేదు. దాని తర్వాత సుమారు 1,80,000 మంది నల్లజాతివారు సైన్యంలో చేరి పోరాడారు కనుక, వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది. దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసినది 1865 డిసెంబరులో ఆమోదం పొందిన రాజ్యాంగ 13వ సవరణ.

గుంటూరు విద్యార్థి:
కెంటకీ సంగతి మాకెవరికీ తట్టలేదండీ. ఈ రాత్రికే మావాళ్లకు చదివి వినిపిస్తాను.