ఒక బోరు, నాలుగు ఫోన్లు: సాఫ్ట్‌వేర్ ఎట్ల రాయాలె?

ప్రశ్న (నర్సంపేట):
నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి బోరు. నలుగురం ఫోన్ల నుంచే మోటార్ నడుపుతం. స్టార్టర్ డబ్బాలో ఈఎస్‌పీ32 (చిన్న కంట్రోలర్ చిప్), సిమ్ మోడెమ్, ఎంక్యూటీటీ (బ్రోకర్ అనే నడిమి సర్వర్ ద్వారా మెసేజ్‌లు పంపే పద్ధతి). కరెంటు పోయి రాంగనే ఎవరూ నొక్కకుండనే మోటార్ లేస్తున్నది. ఒకరు ఆన్ చేస్తే ఇంకొకరు ఆపుతున్నరు.

జవాబు 1:
ఆదేశానికి రిటెయిన్ పెట్టి ఉంటారు, తీసెయ్యండి. పాత "ఆన్"ను బ్రోకర్ దాచుకొని, డబ్బా మళ్లీ కలవగానే పంపుతుంది. ఇలా దాచే రిటెయిన్, మోటార్ స్థితి (ఆన్‌లో ఉందా, ఆఫ్‌లోనా) చెప్పే మెసేజ్‌కు మాత్రమే. ప్రతి ఆదేశానికీ ఒక నంబరు, 30 సెకన్ల గడువు ఇవ్వండి. క్యూఓఎస్ 1లో (కనీసం ఒక్కసారైనా చేరేలా పంపే స్థాయి) అదే మెసేజ్ రెండుసార్లు రావచ్చు. నంబరు చూసి రెండోది వదిలెయ్యాలి. కరెంటు పోతే గడియారమూ పోతుంది, కాబట్టి ముందు ఎన్‌టీపీ టైము (ఇంటర్నెట్ నుంచి తీసుకునేది), తర్వాతే ఆదేశాలు.

జవాబు 2:
అసలు తప్పు మోటారును బటన్ అనుకోవడం. "వంతు"గా రాయండి: ఎవరిది, ఎప్పటిదాకా. ఆన్ చేసే హక్కు వంతున్నవాళ్లకే. ఆపే హక్కు నలుగురికీ. పైపు పగిలితే అనుమతి అడుగుతూ కూర్చోలేం కదా! వంతు గడువు డబ్బాలోనే లెక్కపెట్టాలి, సిగ్నల్ లేకున్నా మోటార్ ఆగాలి.

జవాబు 3:
రిలే (చిప్ చెబితే పనిచేసే స్విచ్) పడితే మోటార్ తిరిగినట్టు కాదు. మూడు ఫేజులకూ సీటీ కాయిల్ (తీగలో కరెంటు కొలిచేది) వేసి, ఆంపియర్లు చూశాకే "నడుస్తోంది" అనండి. కీప్ అలైవ్ (డబ్బా బ్రోకర్‌కు "ఉన్నాను" అని చెప్పాల్సిన గడువు) 60 సెకన్లైతే, బ్రోకర్ దానికి ఒకటిన్నర రెట్లు ఆగుతుంది. అంటే డబ్బా తెగిపోయిందని దానికి తెలిసేది 90 సెకన్లకు. అందుకే తెర మీద చివరి కబురు వచ్చిన టైము కూడా చూపండి.