శాటిలైట్ మెసెంజర్ ముందా, ట్రైనింగ్ ముందా?

మట్టిదారి:
ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండి) కొన్నాను కానీ ఇప్పటిదాకా మామూలు మట్టి దారులే తిరిగాను. ఇకపై ఇసుక, రాళ్ళ దారుల్లోకి వెళ్దామనుకుంటున్నాం, రెండు బళ్ళు. జీపీఎస్ యూనిట్, వీహెచ్ఎఫ్ రేడియోలు, శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) కొనేయమని ఫ్రెండ్ ఒకటే పోరు. అన్నీ కొంటే ఆ దారుల్లో నడపడం నేర్పే ట్రైనింగ్‌కి డబ్బులు మిగలవు. ఏం చేయమంటారు?

ఇసుకబండి:
ట్రైనింగే బ్రో, ఆలోచించకు. ఎక్కడ ఇరుక్కున్నావో జీపీఎస్ చెబుతుంది, బయటికైతే లాగదు కదా. ఇసుకలో బండి దిగబడిందంటే చాలాసార్లు టైర్లలో గాలి దించకపోవడమే కారణం. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉంటే ఇసుకలో 18 దగ్గరికి తెచ్చుకో, టైరు నేలకి ఆనే భాగం పొడవై బరువు పరుచుకుంటుంది. ఆ గాలితో స్పీడుగా మలుపు తిప్పితే మాత్రం టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. మళ్ళీ రోడ్డెక్కే ముందు నింపుకోవాలి కాబట్టి నీ మొదటి గ్యాడ్జెట్లు ప్రెషర్ గేజ్, కంప్రెసర్. చక్రం ఊరికే తిరుగుతుంటే ఇంకా తొక్కకు, ఇంకా లోతుకి పోతుంది. ఇంకోటి, ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు టో బాల్‌కి (ట్రైలర్ తగిలించడానికి బండి వెనక ఉండే గుండు) తాడు తగిలించొద్దు. అది విరిగి ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్‌కే, అంటే ఎంత లాగుడు తట్టుకుంటుందో లెక్క కట్టి బండికి బిగించిన కొక్కేనికే కట్టాలి.

రాళ్ళబాట:
గాలి సంగతి ఒప్పుకుంటా, మిగతాది సగమే. ఎంత బాగా నడిపేవాడైనా సిగ్నల్ లేని చోట బండి బోల్తా పడి కాలు విరిగితే నైపుణ్యం కబురు మోసుకెళ్ళదు. అందుకని శాటిలైట్ మెసెంజర్ ఉండాల్సిందే, కాకపోతే కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా వాడితే కేసు పెడతారు, ముందు కనుక్కోండి. జీపీఎస్ యూనిట్ ఇప్పుడే అక్కర్లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్‌వర్క్ లేకపోయినా ఫోన్ సరిపోతుంది. ఎండకి డాష్‌బోర్డు మీద వేడెక్కి ఆఫ్ అయిపోతుంది, అదొక్కటే బాధ, ఒక పేపర్ మ్యాప్ పెట్టుకోండి. రేడియో రెండు బళ్ళ మధ్య మాటలకి బాగుంటుంది గానీ కొండ అడ్డొచ్చిందా, అంతే.

మట్టిదారి:
సరే, మెసెంజర్, కంప్రెసర్, ట్రైనింగ్. ఫ్రెండ్ అలుగుతాడు, పర్లేదు. పేపర్ మ్యాప్ అన్నారుగా, దిక్సూచి బండిలో పెట్టుకుంటే చాలా?

వాగుదాటి:
బండిలో ఇనుము ఉంటుంది, స్పీకర్ల అయస్కాంతాలుంటాయి, ముల్లు తప్పు చూపిస్తుంది. దిగి నాలుగడుగులు దూరం నడిచి చూడండి.

అసలు పరికరం వాడటమూ నేర్చుకోవాల్సిందే, ఆ మాట ఇద్దరూ అనలేదు. సాయం అడిగేటప్పుడు అక్షాంశం 24.30 డిగ్రీలు అని మీరు చెబితే, అవతలివాళ్ళు 24 డిగ్రీల 30 నిమిషాలు అని రాసుకున్నారనుకోండి, మీకు దాదాపు 22 కిలోమీటర్ల అవతల వెతుకుతారు. ఏ ఫార్మాట్‌లో చెబుతున్నారో బయల్దేరే ముందే రెండు బళ్ళవాళ్ళూ, ఇంట్లోవాళ్ళూ ఒక మాట అనుకోండి. ఏ రోజు ఎన్నింటిలోపు కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఇంట్లో రాసిచ్చి వెళ్ళండి, దీనికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.