క్నిడోస్ రేవులో రాత్రికి పడవ కట్టినవాళ్లున్నారా?

గోదారిగట్టు:
సెప్టెంబరు మొదటి వారంలో నలుగురం టర్కీలోని బోద్రుమ్‌లో 38 అడుగుల తెరచాప పడవ అద్దెకు తీసుకుంటున్నాం. దాట్చా ద్వీపకల్పం కొసన ఉన్న పాత గ్రీకు నగరం క్నిడోస్ శిథిలాల దగ్గర ఒక రాత్రి ఆగాలని ఎప్పటినుంచో కోరిక. గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీస్ చెక్కిన అఫ్రొడైటీ దేవత విగ్రహాన్ని కొలిచిన ఊరు కదా. జెట్టీ చాలా చిన్నదంటున్నారు. లంగరు నిలుస్తుందా?

సరంగు_విశాఖ:
రెండుసార్లు ఆగాను. రేవు అడుగు అంతటా ఒకేలా ఉండదండీ. కొంత ఇసుక, కొంత సముద్రపు గడ్డి, మధ్యమధ్య రాళ్లు. గడ్డి మీద పడ్డ లంగరు పట్టినట్టే ఉంటుంది, గాలి పెరిగాక జారుతుంది. మొదటిసారి మాకదే అయింది. మధ్యాహ్నం మూడు దాటాక మెల్తెమి (వేసవిలో ఇక్కడ వీచే బలమైన గాలి) కొండ మీంచి విరుచుకుపడింది. చూస్తుండగానే పక్క పడవ మీదికి వెళ్లిపోతున్నాం. ఇంజన్ వేసి గొలుసు లాగితే లంగరు కొక్కేలకి చాపంత గడ్డి చుట్టుకుని వచ్చింది. నా చేతులు వణికాయి.

రెండోసారి నీళ్లు లేతరంగులో కనబడిన చోటే వేశాను. ఐదు మీటర్ల లోతుకి 30 మీటర్ల గొలుసు వదిలి, ఇంజన్ వెనక్కి నడిపి పట్టు చూశాను. అయినా మనసొప్పక ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి దిగాను. కొక్కెం మొత్తం ఇసుకలోకి దిగిపోయి, కాడ మాత్రమే పైకి కనబడుతోంది. ఆ రాత్రి నిద్రపట్టింది.

మీరు ఆగాల్సింది దక్షిణం వైపు రేవులో. లోపలికి వచ్చేటప్పుడు పాతకాలపు అడ్డుకట్టల దగ్గరికి పోవద్దు, కొంత రాయి నీళ్ల కింద ఉంది. నడిమధ్య నుంచి రండి. జెట్టీకి అమరం (పడవ వెనకభాగం) ఆనించి కట్టాలి. గాలి వచ్చే వైపు మోకు ముందు బిగించండి, రెండోది తర్వాత.

లండన్_తెలుగు:
క్నిడోస్ పాలరాతి సింహం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1858లో చార్లెస్ న్యూటన్ తవ్వకాల్లో దొరికితే ఓడకెక్కించి తెచ్చారు. కళ్లు ఉండాల్సిన చోట రెండు గుంటలు. సముద్రం వైపు చూస్తూ కొండకొమ్మున ఒక సమాధి మీద పడుకుని ఉన్న సింహమది. రేవుకి తూర్పున ఆ కొండ దాటుతుంటే నాకు చాలా బాధేసింది. క్నిడోస్ వెళ్లేముందు వీలైతే ఆ సింహాన్ని చూసి వెళ్లండి.

బెథెల్_రాజమండ్రి:
బైబిలులో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ ఎంతో కష్టపడి క్నీదు ఎదుటికి వచ్చిందని, గాలి ముందుకు పోనివ్వక క్రేతు ద్వీపం చాటుకు దిగిందని ఉంటుంది. ఆ క్నీదు ఇదే. చిన్నప్పటినుంచి చదువుతున్న చోటు పేరు మీ చర్చలో చూసి ఒళ్లు పులకరించింది.

సరంగు_విశాఖ:
@బెథెల్_రాజమండ్రి, అదే గాలండీ! వేసవంతా వాయవ్యం నుంచే. అందుకే పూర్వం ఉత్తరానికి పోయే ఓడలు ఇక్కడే కాచుకునేవి.

ఇంకోటి. శిథిలాల్లో కుండ పెంకులు కాళ్లకింద కనబడుతుంటాయి. ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు, టర్కీలో అది పెద్ద నేరం. పిల్లలకి ముందే చెప్పండి.

గోదారిగట్టు:
పిల్లలు లేరు గానీ మా బావమరిదికి రాళ్లు పోగేసే అలవాటుంది, చెప్తాను. పొద్దున ఆరింటికే బయల్దేరి పన్నెండులోపు చేరేలా మార్చుకున్నాం. జెట్టీ నిండిపోయి ఉంటే ఇసుక చూసి లంగరేస్తాం. కళ్లద్దాలు ఇవాళే కొంటున్నా.